మన రోడ్డు మీది హెచ్‌పీ బంకు అసలు ఎవరిది? హిందుస్థాన్ పెట్రోలియం చరిత్ర గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు, మిర్యాలగూడలో రైస్ మిల్లులకు లారీలు తిప్పేవాళ్లు, పైప్‌లైన్ పోయిన పొలాలున్న సూర్యాపేట వైపు రైతులు అడిగే ప్రశ్నలు చూడ్డానికి వేరువేరుగా ఉంటాయి. కానీ కాస్త కదిపితే అన్నీ ఒక్క దగ్గరికే వస్తాయి: ఈ కంపెనీ ఎవరిది, దీని మీద పెత్తనం ఎవరిది? అందుకే అన్నిటినీ ఒక్క చోట రాసి పెడుతున్నా. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

హెచ్‌పీ సర్కారు కంపెనీయా, ప్రైవేటా?

సర్కారు కంపెనీయే, కాకపోతే 2018 నుంచి నేరుగా కాదు. హిందుస్థాన్ పెట్రోలియం కార్పొరేషన్, అంటే హెచ్‌పీసీఎల్‌లో సగానికి పైగా వాటా ఇప్పుడు ఓఎన్‌జీసీది. ఆ ఓఎన్‌జీసీలో పెద్ద వాటా కేంద్ర ప్రభుత్వానిది. మిగతా షేర్లు మార్కెట్లో ఉన్నాయి, మీరూ నేనూ కొనుక్కోవచ్చు. కాబట్టి "ప్రైవేటు అయిపోయిందట కదా" అని ఎవరన్నా అంటే, కాలేదు. అమ్మాలని ఒకసారి గట్టిగా ప్రయత్నించారు, ఆ కథ కిందికి వస్తుంది.

ఓఎన్‌జీసీ, హెచ్‌పీ, ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, అన్నీ ఒకటే కదా?

కాదు. ఓఎన్‌జీసీ 1956లో మొదలైంది, దాని పని భూమిలో, సముద్రంలో చమురు వెతికి పైకి తీయడం. మనవాళ్లకు రాజమండ్రి, కృష్ణా గోదావరి బేసిన్ వల్ల ఆ పేరు తెలుసు. మిగతా మూడూ ముడిచమురును శుద్ధి చేసి, పెట్రోలు, డీజిలు, గ్యాస్ చేసి అమ్మేవి. ఆ మూడింటిలోనూ ఇండియన్ ఆయిల్‌ను ప్రభుత్వమే స్వయంగా పుట్టించింది. హెచ్‌పీ, భారత్ మాత్రం విదేశీ కంపెనీల చేతుల్లోంచి తీసుకున్నవి. భారత్ పెట్రోలియం అంటే పాత బర్మా షెల్. హెచ్‌పీ అంటే పాత ఎస్సో, కాల్టెక్స్. పాతకాలం మనుషులు కొందరు ఇప్పటికీ "కాల్టెక్స్ బంకు" అంటుంటారు, బోర్డు మారి యాభై ఏళ్లు కావస్తున్నా.

ఎస్సో, ఎస్సార్ ఒకటేనా?

పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ ఏ సంబంధమూ లేదు. ఎస్సో అమెరికా కంపెనీ. ఎస్సార్ మన దేశపు ప్రైవేటు గ్రూపు. వాళ్ల బంకులే తర్వాత నయారా అయ్యాయి, అందులో రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కు 49 శాతం పైన వాటా ఉంది.

1974కు ముందు మనకు పెట్రోలు ఎవరు అమ్మేవాళ్లు?

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో చమురు వ్యాపారం దాదాపు మొత్తం మూడు విదేశీ కంపెనీల చేతిలో ఉండేది: బర్మా షెల్, స్టాన్‌వాక్, కాల్టెక్స్. స్టాన్‌వాక్ అంటే స్టాండర్డ్ వాక్యూమ్, రెండు పెద్ద అమెరికా కంపెనీలు కలిసి ఆసియా వైపు వ్యాపారం కోసం పెట్టుకున్నది. 1962లో అది విడిపోయాక ఇక్కడి భాగం ఎస్సో పేరు మీదకు వచ్చింది. కాల్టెక్స్ కూడా రెండు అమెరికా కంపెనీల ఉమ్మడి సంస్థే.

పెట్రోలంటే అప్పట్లో పట్నంలో కార్లున్నవాళ్ల సంగతి. పల్లెకు అసలు అవసరం గ్యాస్ నూనె, అంటే కిరోసిన్. కరెంటు రాని ఊళ్లో ఇంటింటికీ కందిలికి, బుడ్డికి అదే దిక్కు. ఆ డబ్బా మీద ఏ కంపెనీ బొమ్మ ఉందో ఎవరూ చూడలేదు గానీ, దాని ధర మాత్రం విదేశాల్లో కూర్చున్నవాళ్ల లెక్కల మీద నడిచేది. ఇక్కడ తయారైనా ఇక్కడి ఖర్చుతో పని లేదు, బయటి నుంచి దిగుమతి చేసుకుంటే ఎంత పడుతుందో ఆ లెక్కన ధర కట్టేవాళ్లు. 1961లో ప్రభుత్వం వేసిన దామ్లే కమిటీ ఈ ధరల మీద కూర్చున్నది అందుకే.

విశాఖలో రిఫైనరీ ఎట్లా వచ్చింది? అది మొదటి నుంచీ హెచ్‌పీదేనా?

కాదు, అది కాల్టెక్స్‌ది. 1950ల మొదట్లో ప్రభుత్వం ఈ కంపెనీలను పిలిచి, ముడిచమురు తెచ్చి ఇక్కడే శుద్ధి చేయండి, రిఫైనరీలు పెట్టండి అని ఒప్పందాలు చేసుకుంది. స్టాన్‌వాక్ బొంబాయిలో 1954లో రిఫైనరీ మొదలుపెట్టింది. బర్మా షెల్ కూడా బొంబాయిలోనే పెట్టింది. కాల్టెక్స్ మాత్రం తూర్పు తీరానికి వచ్చి విశాఖను ఎంచుకుంది. అది 1957లో మొదలైంది. ఏడాదికి 6.75 లక్షల టన్నుల చిన్న రిఫైనరీ. దాన్నే పెంచుకుంటూ పోయి 83 లక్షల టన్నులకు, ఈమధ్య విస్తరణతో కోటిన్నర టన్నుల స్థాయికి తెచ్చారు.

మనకు దీనితో పనేంటి అంటే, దక్షిణ తెలంగాణ బంకుల్లో పోసే హెచ్‌పీ డీజిల్ ఎక్కువగా ఆ వైపు నుంచి పైప్‌లైన్‌లో వచ్చేదే. అంటే 1950ల్లో ఒక అమెరికా కంపెనీ విశాఖ రేవు చూసి తీసుకున్న నిర్ణయం మీద ఇవాళ దేవరకొండలో ట్రాక్టర్ నడుస్తోంది.

ఆ ఒప్పందాల్లో ఇంకో మాట ఉంది, చాలామందికి తెలియదు. 25 ఏళ్ల దాకా ఈ రిఫైనరీలను జాతీయం చేయబోమని ప్రభుత్వం హామీ ఇచ్చింది. పెట్టుబడి కావాలి, టెక్నాలజీ మన దగ్గర లేదు, డాలర్లు అసలే లేవు, అందుకని ఒప్పుకుంది. ఇప్పుడు కూర్చుని తప్పుపట్టడం తేలికే గానీ అప్పటి పరిస్థితిలో ఇంకో దారి ఏముందో నాకైతే కనిపించదు.

మరి అంత హామీ ఇచ్చి, ఎందుకు తీసుకున్నారు?

ఇది ఒక్కరోజు కోపం కాదు. పదిహేనేళ్లు నలిగిన గొడవ.

మొదట కేశవ్ దేవ్ మాలవ్య. నెహ్రూ ప్రభుత్వంలో చమురు శాఖ చూసిన మంత్రి. మన దేశంలో చమురు లేదు, వెతకడం దండగ అని విదేశీ కంపెనీలు అంటున్న రోజుల్లో సోవియట్, రుమేనియా నిపుణులను పిలిపించి వెతికించిన మనిషి. 1959లో ఇండియన్ ఆయిల్ పెట్టారు. 1960లో సోవియట్ యూనియన్ మనకు ముడిచమురు తక్కువ ధరకు ఇస్తామంది, పైగా డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లో కట్టొచ్చు. ఆ ముడిచమురును మీ రిఫైనరీల్లో శుద్ధి చేసి పెట్టండి అని ప్రభుత్వం మూడు కంపెనీలనూ అడిగింది. మూడూ కుదరదన్నాయి. వాళ్లకు వాళ్ల సొంత ముడిచమురు మధ్యప్రాచ్యంలో ఉంది, అదే అమ్ముకోవాలి, సోవియట్ సరుకు ఎందుకు ముట్టుకుంటారు?

ప్రభుత్వం అప్పుడు చేయగలిగింది ఒకటే. ముడిచమురు కాకుండా, తయారైన డీజిల్, కిరోసిన్‌ను సోవియట్ నుంచి తెప్పించి ఇండియన్ ఆయిల్ ద్వారా అమ్మింది. 1960 ఆగస్టులో మొదటి ఓడ బొంబాయి చేరింది. ఆ దెబ్బకు పాత కంపెనీలు ధరలు కొంత దించక తప్పలేదు. మన గడ్డ మీద ఉన్న రిఫైనరీలో మనం తెచ్చిన చమురు పోయడానికి మనకే హక్కు లేకపోవడం అనేది ఢిల్లీలో ఎవరూ మర్చిపోలేదు.

తర్వాత 1973. అరబ్బు ఇజ్రాయెల్ యుద్ధం, చమురు దేశాల పట్టు, బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉన్నది కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దగ్గరికి పోయింది. మన దగ్గర విదేశీ మారక ద్రవ్యం అసలే కటకట. అటు ఆ కంపెనీలకు కూడా ఇక్కడ కొత్త పెట్టుబడి పెట్టాలన్న ఆసక్తి తగ్గింది. అంటే తీసుకోవాలని వీళ్లకు, దిగిపోవాలని వాళ్లకు ఒకేసారి కుదిరింది. మన పరీక్ష పుస్తకాల్లో "ఇందిరాగాంధీ జాతీయం చేశారు" అని ఒక్క ముక్కలో ముగించేస్తారు, ఈ రెండో సగం రాయరు.

లాక్కున్నారా, డబ్బు కట్టి తీసుకున్నారా?

డబ్బు కట్టే తీసుకున్నారు, పార్లమెంటులో చట్టం చేసి మరీ. 1974 మార్చిలో ఎస్సో స్వాధీన చట్టం వచ్చింది. ఎస్సో రిఫైనరీ కంపెనీలో మొదట 74 శాతం, దేశంలోని అమ్మకాల వ్యాపారం మొత్తం ప్రభుత్వానికి వచ్చాయి. మిగిలిన 26 శాతాన్ని 1976లో తీసుకున్నారు. లూబ్ ఇండియా అని ఇంజన్ ఆయిల్ సరుకు చేసే కంపెనీ ఒకటి ఎస్సో, ప్రభుత్వం కలిసి పెట్టుకున్నది ఉండేది, అదీ ఇందులో కలిసింది. అన్నీ కలిపి 1974 జూలై 15న హిందుస్థాన్ పెట్రోలియం అయ్యాయి.

కాల్టెక్స్ వంతు 1976 డిసెంబరు చివర్లో వచ్చింది. ముందు ఆర్డినెన్స్, తర్వాత 1977లో చట్టం. విశాఖ రిఫైనరీ 1978లో హెచ్‌పీలో కలిసిపోయింది. కాబట్టి విశాఖది మొదటి రోజు నుంచీ హెచ్‌పీ అనుకోవడం తప్పు, నాలుగేళ్ల తేడా ఉంది.

పరీక్షలో పుట్టిన సంవత్సరం అడిగితే 1952 రాయాలా, 1974 రాయాలా?

1974 రాయండి. కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితాల్లో మాత్రం 1952 జూలై 5 ఉంటుంది, ఎందుకంటే స్టాన్‌వాక్ రిఫైనరీ కంపెనీ ఆ రోజు రిజిస్టరైంది, ఆ కంపెనీకే పేర్లు మారుతూ మారుతూ హిందుస్థాన్ పెట్రోలియం అయింది. రెండూ నిజమే. పెద్ద సర్కారు కంపెనీలకు సొంత నిర్ణయాల్లో ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చే నవరత్న హోదా 1997, దానికి పైమెట్టు మహారత్న 2019. ఇంతకు మించి బట్టీ పట్టకండి.

గ్యాస్ బండలు ఎప్పటి నుంచి అమ్ముతున్నారు?

ఎస్సో ఉన్న కాలంలోనే వంటగ్యాస్ ఉంది, దాన్ని కోసన్ గ్యాస్ అనే వేరే కంపెనీ పంచేది. 1979లో దాన్ని కూడా ప్రభుత్వం తీసుకుని హెచ్‌పీలో కలిపింది, హెచ్‌పీ గ్యాస్‌కు మూలం అది. కానీ మన ఊళ్లలోకి బండ రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాకే మహిళా సంఘాల వాళ్ల ఇళ్లకు కనెక్షన్లు వచ్చాయి. అంతకు ముందు గ్యాస్ కనెక్షన్ అంటే అప్లికేషన్ పెట్టుకుని ఏళ్లు ఆగాలి, ఎంపీ కోటా లెటర్ కోసం తిరగాలి. కట్నం కింద గ్యాస్ కనెక్షన్ అడిగిన పెళ్లిళ్లు మా వైపు ఉన్నాయి, నవ్వకండి. 2016లో ఉజ్వల వచ్చింది, అది మీ అందరికీ తెలిసిందే.

బండ దగ్గర బాగా టెన్షన్ పెట్టిన ఏడాది 2012. సెప్టెంబరులో సబ్సిడీ బండలు ఏడాదికి 6 మాత్రమే అన్నారు. తర్వాత 9 చేశారు, 2014 మొదట్లో 12. ఆ ఆరు బండల రోజుల్లో కట్టెల పొయ్యిలు మళ్లీ వాకిట్లోకి వచ్చాయి.

ఆ 2012లో చమురు మంత్రి మన పాలమూరు మనిషే కదా?

అవును, సూదిని జైపాల్ రెడ్డి. పుట్టింది నల్లగొండ జిల్లా నెర్మటలో, ఊరు అప్పటి పాలమూరు జిల్లా మాడ్గుల. కల్వకుర్తి నుంచి ఎమ్మెల్యే, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, చేవెళ్ల నుంచి ఎంపీ. 2011 జనవరి నుంచి 2012 అక్టోబరు దాకా పెట్రోలియం శాఖ చూశారు. మన రెండు జిల్లాలూ "మావాడు" అనుకునే మనిషి చేతిలో హెచ్‌పీ, ఇండియన్ ఆయిల్, ఓఎన్‌జీసీ అన్నీ ఉన్న కాలం అది.

ఆ కాలం సుఖంగా గడిచిందా అంటే లేదు. బ్యారెల్ వంద డాలర్ల పైన ఉంది. 2012 మేలో పెట్రోలు ధర ఒక్క రాత్రిలో 7 రూపాయలకు పైగా పెరిగింది. బండల కోత కూడా ఆయన హయాంలోనే. తిట్లు చాలానే తిన్నారు. ఇంకోవైపు కృష్ణా గోదావరి గ్యాస్ విషయంలో రిలయన్స్‌కు దాదాపు వంద కోట్ల డాలర్ల ఖర్చును లెక్కలోకి తీసుకోబోమని శాఖ నోటీసు ఇచ్చింది కూడా అప్పుడే. ఆ తర్వాత కొన్ని నెలలకే ఆయన్ని శాస్త్ర సాంకేతిక శాఖకు మార్చారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని ప్రతిపక్షాలు అప్పట్లో గట్టిగానే అన్నాయి, ఆయన బయటపడి ఏమీ అనలేదు. నా దృష్టిలో అయితే ధరల విషయంలో మంత్రి చేయగలిగింది తక్కువ, కాంట్రాక్టుల విషయంలో చేయగలిగింది ఎక్కువ, ఆయన గట్టిగా నిలబడింది ఆ రెండో దాని దగ్గరే. 2019 జూలైలో కన్నుమూశారు.

హెచ్‌పీని అమ్మబోయారట, సుప్రీంకోర్టు ఆపిందట. నిజమేనా?

నిజమే. వాజ్‌పేయి ప్రభుత్వం, 2002. పెట్టుబడుల ఉపసంహరణ, అంటే సర్కారు కంపెనీల్లో వాటాలు అమ్మే శాఖ మంత్రి అరుణ్ శౌరి హెచ్‌పీ, భారత్ రెండింటినీ అమ్మాలన్నారు. చమురు మంత్రి రామ్ నాయక్‌కు అది ఇష్టం లేదు, ఒకే ప్రభుత్వంలో ఇద్దరు మంత్రులు చెరో వైపు. చివరికి అమ్మాలనే నిర్ణయించారు, దాని మీద కోర్టులో కేసు పడింది.

2003 సెప్టెంబరు 16న సుప్రీంకోర్టు చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. వీటిని పార్లమెంటు చట్టం చేసి ప్రజల ఆస్తిగా తెచ్చింది, కాబట్టి ప్రభుత్వం తనంతట తాను ఫైలు మీద సంతకం పెట్టి అమ్మడానికి లేదు, ముందు పార్లమెంటుకు వెళ్లి ఆ చట్టాన్ని మార్చుకుని రండి. అమ్మకూడదు అని కోర్టు అనలేదు. అమ్మాలంటే ఎవరిని అడగాలో చెప్పింది. అప్పుడు సంకీర్ణ ప్రభుత్వం, పార్లమెంటులో గెలుస్తామన్న నమ్మకం లేదు, ఆగిపోయారు. 1974లో ఆర్డర్‌తో సరిపెట్టకుండా చట్టం చేసినవాళ్ల పని ముప్పై ఏళ్ల తర్వాత ఇట్లా అక్కరకొచ్చింది.

మరి 2018లో ఓఎన్‌జీసీ కొన్నప్పుడు ఏం జరిగింది?

ప్రభుత్వం తన 51.11 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అమ్మింది, 36,915 కోట్లకు. చెప్పింది ఏమిటంటే తవ్వకం నుంచి బంకు దాకా అన్నీ ఉన్న పెద్ద జాతీయ కంపెనీ తయారవుతుందని. జరిగింది ఏమిటంటే ఆ ఏడాది ప్రభుత్వం పెట్టుకున్న పెట్టుబడుల ఉపసంహరణ లక్ష్యం దాటింది. ఉమ్మడి కుటుంబంలో ఒక కొడుకు పేరున ఉన్న పొలాన్ని ఇంకో కొడుకు చేత కొనిపించి, ఆ డబ్బు తండ్రి తీసుకున్నట్టు. పొలం ఇంట్లోనే ఉంది, అప్పు మాత్రం కొన్న కొడుకు మీద పడింది. ఓఎన్‌జీసీ అప్పటిదాకా అప్పు లేని కంపెనీగా పేరున్నది, ఈ కొనుగోలు కోసం వేల కోట్లు అప్పు చేసింది.

సరదా సంగతి ఒకటి. డబ్బు కట్టి కొన్నా కూడా హెచ్‌పీ చాలా రోజులు ఓఎన్‌జీసీని తన ప్రమోటర్‌గా, అంటే పెత్తనం ఉన్న యజమానిగా చూపించలేదు. కాగితాల్లో ప్రమోటర్ రాష్ట్రపతే అని రాసుకుంటూ వచ్చింది, ఆయన పేరు మీద ఒక్క షేరూ లేకపోయినా. 2019 ఆగస్టులో గానీ ఆ పంచాయితీ తెగలేదు. హెచ్‌పీ తన షేర్లు కొన్నిటిని మార్కెట్ నుంచి వెనక్కి కొనడం వల్ల ఓఎన్‌జీసీ వాటా తర్వాత 54.9 శాతం అయింది.

1997లో విశాఖలో ఏం జరిగింది?

1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున. విశాఖ రిఫైనరీలో ఓడ నుంచి వంటగ్యాస్ దించుతుంటే లీకై, అంటుకుని, ట్యాంకులు పేలాయి. 60 మంది వరకు చనిపోయారు. ఊరు ఊరంతా కట్టుబట్టలతో రోడ్డున పడింది. 2013 ఆగస్టులో మళ్లీ కూలింగ్ టవర్ దగ్గర ప్రమాదం జరిగి ఇంకొంతమంది పోయారు. చరిత్ర అని రాసేటప్పుడు కంపెనీలవాళ్లు ఈ పేజీని తొందరగా తిప్పేస్తారు. సర్కారుదైనా ప్రైవేటుదైనా గ్యాస్‌కు తేడా తెలియదు.

ధర ఎవరు పెంచుతారు? బంకాయనా, కంపెనీయా, మోదీయా, రాష్ట్రమా?

బంకాయన కాదు, ముందు ఆయన్ని వదిలేయండి. ఆయనకు లీటరుకు ఇంత అని కమిషన్.

2002 మార్చి దాకా ధర నేరుగా కేంద్రమే నిర్ణయించేది. కంపెనీలకు ఖర్చు, దాని మీద ఇంత లాభం అని కట్టి ఇచ్చేది. హెచ్చుతగ్గులన్నీ ఆయిల్ పూల్ ఖాతా అనే లెక్కలో సర్దేది. 2002 ఏప్రిల్ 1న ఆ పద్ధతి ఎత్తేశామన్నారు, కానీ చెయ్యి తీయలేదు. 2008లో బ్యారెల్ 147 డాలర్లకు పోయినప్పుడు కూడా కంపెనీలు నష్టానికే అమ్మాయి. ఆ నష్టానికి బదులు ప్రభుత్వం నగదు కాకుండా ఆయిల్ బాండ్లు ఇచ్చింది. పెట్రోలు ధరను 2010 జూన్‌లో కంపెనీలకు వదిలేశారు, డీజిల్ ధరను 2014 అక్టోబరులో. 2017 జూన్ 16 నుంచి రోజూ పొద్దున 6 గంటలకు ధర మారే పద్ధతి.

కాగితం మీద ఇదీ. నడిచేది వేరు. 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా 137 రోజులు ధర కదల్లేదు, ఆ మధ్యలో ఉత్తరప్రదేశ్ ఎన్నికలు ఉన్నాయి. ఎన్నికలు కాగానే వరుసగా పెరిగింది. మళ్లీ 2022 ఏప్రిల్ నుంచి కంపెనీలు దాదాపు రెండేళ్లు ముట్టుకోలేదు, 2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికల ముందు 2 రూపాయలు తగ్గించాయి. రోజూ మారే ధర ఎన్నికలప్పుడు మాత్రం నిద్రపోతుంది. దీన్ని మార్కెట్ అనడం నా వల్ల కాదు.

ఇక పన్నులు. కేంద్రం ఎక్సైజ్ వేస్తుంది, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. తెలంగాణలో పెట్రోలు మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. జీఎస్టీలోకి ఇవి రాలేదు, తేవడానికి ఏ పార్టీ ప్రభుత్వానికీ ఇష్టం లేదు, ఖజానాకు ఇంత తేలికైన రాబడి ఇంకోటి లేదు మరి. అందుకే ఒకే కంపెనీ డీజిల్ ఊరు మారితే ధర మారుతుంది. మక్తల్ నుంచి కృష్ణా బ్రిడ్జి దాటి రాయచూరు వైపు పోతే డీజిల్ తక్కువ, ఆ రూటు లారీలన్నీ అక్కడే ట్యాంకు ఫుల్ చేస్తాయి. ఇటు కోదాడ దగ్గర కథ తిరగబడుతుంది. ఆంధ్రలో ధర ఎక్కువ, అందుకని విజయవాడ పోయే బండ్లు సరిహద్దు దాటకముందే కోదాడలో పోయించుకుంటాయి. మధ్యలో ఉన్న నారాయణపేట డీలర్ ఏం పాపం చేశాడు అంటే సమాధానం లేదు.

సర్కారు కంపెనీకి నష్టం ఎట్లా వస్తుంది, ఇంత ధర పెట్టి అమ్ముతూ?

పైన చెప్పిందే. 2022-23లో ముడిచమురు మండిపోతుంటే ధర పెంచనివ్వలేదు, హెచ్‌పీకి ఆ ఏడాది 8,974 కోట్ల నష్టం. వంటగ్యాస్ నష్టానికి మూడు కంపెనీలకూ కలిపి కేంద్రం 22,000 కోట్లు ఇచ్చింది. మరుసటి ఏడాది ముడిచమురు తగ్గింది, ధర తగ్గించలేదు, 14 వేల కోట్లకు పైగా లాభం వచ్చింది. రెండేళ్లనూ కలిపి చూస్తేనే అర్థమవుతుంది. ఒక్క ఏడాది లెక్క చూపించి నష్టమనో దోపిడీ అనో వాదించేవాళ్లను నమ్మకండి.

మా పొలం కింద నుంచి పైప్‌లైన్ పోయింది. పొలం మాదా, కంపెనీదా?

పొలం మీదే. ఇది అందరికంటే ఎక్కువగా మనవాళ్లు అడగాల్సిన ప్రశ్న, అడిగేది మాత్రం తక్కువ.

విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా హెచ్‌పీ పైప్‌లైన్ 572 కిలోమీటర్లు. విజయవాడ దాటాక అది పాత నల్లగొండ జిల్లా నేల మీదుగానే రావాలి. ఇప్పుడు ఇండియన్ ఆయిల్ వాళ్లది కూడా వచ్చింది. ఒడిశాలోని పారాదీప్ నుంచి చౌటుప్పల్ దగ్గరి మల్కాపురం దాకా 1,212 కిలోమీటర్లు, అందులో తెలంగాణలో 160. దాన్ని 2024 మార్చిలో ప్రధాని సంగారెడ్డిలో ప్రారంభించారు.

ఈ పైప్‌లైన్లన్నీ 1962 నాటి చట్టం కింద వేస్తారు. ఆ చట్టం భూమిని తీసుకోదు, భూమి కింద పైపు వేసుకునే హక్కును మాత్రమే తీసుకుంటుంది. పట్టా మీ పేరునే ఉంటుంది. పైపు పూడ్చాక దున్నుకోవచ్చు, వరి వేయొచ్చు, పత్తి వేయొచ్చు. చేయకూడనివి మూడు: పైపు పోయిన పట్టీ మీద ఇల్లు గానీ షెడ్డు గానీ కట్టకూడదు, బావి, కుంట తవ్వకూడదు, చెట్లు పెట్టకూడదు. మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే. నీళ్లు లేని నేల, బోరు మీద బోరు వేసే అలవాటు. జియాలజిస్టు కొబ్బరికాయ పట్టుకుని తిరిగి సరిగ్గా ఆ పట్టీ మీదే పాయింట్ చూపించాడనుకోండి, రిగ్గు లారీ రాకముందే కంపెనీ బోర్డు మీదున్న నంబరుకు ఫోన్ చేయండి. రిగ్గువాడు రాత్రికి రాత్రి దించేద్దాం అంటాడు, వినకండి. కింద ఉన్నది ఒత్తిడితో పారే పెట్రోలు, డీజిలు.

పరిహారం కింద పోయిన పంటకు, చెట్లకు లెక్కగట్టి ఇస్తారు, హక్కు కోసం భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. ఆ విలువను నోటిఫికేషన్ వచ్చిన రోజు లెక్కన కడతారు. రోడ్డు పక్క పొలాలకు, ప్లాట్లు అయ్యే అవకాశం ఉన్న పొలాలకు ఇది చాలా అన్యాయం అని నా అభిప్రాయం. ఇల్లు కట్టుకోలేని పట్టీ మధ్యలో పోతే ఆ భూమి ధర పడిపోయేది 10 శాతం కాదు. ఇచ్చింది సరిపోలేదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరికి పోయే హక్కు అదే చట్టంలో ఉంది. కాగితం మీద సంతకం పెట్టేసి ఊరుకోకండి.

బంకు నడిపేవాళ్లు సర్కారు ఉద్యోగులా?

కాదు, ఎక్కువ బంకులు డీలర్లవి. కంపెనీ సరుకు ఇస్తుంది, కొలత యంత్రాలు, బోర్డు దానివి. స్థలం కొన్ని చోట్ల డీలర్‌ది, కొన్ని చోట్ల కంపెనీ లీజుకు తీసుకున్నది. పైపు పట్టుకునే పిల్లలు డీలర్ దగ్గర జీతానికి ఉన్నవాళ్లు. కంపెనీయే నేరుగా నడిపించే బంకులు కూడా హైవే మీద కొన్ని ఉంటాయి.

కొలత తక్కువ పోస్తున్నారని అనుమానం వస్తే?

గొడవ పడకండి, 5 లీటర్ల డబ్బా అడగండి. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన డబ్బా ఉండాల్సిందే. మీ ముందే మీటరు మీద 5 లీటర్లు పెట్టి అందులో పోయించండి. డబ్బాను నేల మీద తిన్నగా పెట్టాలి, వంకరగా పెడితే లెక్క తప్పు చూపిస్తుంది. మెడ దగ్గర గీత ఉంటుంది, దానికి అటూ ఇటూ 25 మిల్లీలీటర్ల తేడా దాకా ఒప్పుకుంటారు. అంతకు మించి తక్కువ వస్తే ఆ పంపు ఆపేయాలి.

కల్తీ అనుమానమైతే ఫిల్టర్ పేపర్ అడగండి. ఒక చుక్క పెట్రోలు వేస్తే ఆరిపోవాలి, మరక మిగలకూడదు. డెన్సిటీ, అంటే సాంద్రత కూడా అడగొచ్చు. పొద్దున్నే ట్యాంకులో రాడ్ దించి సరుకు ఎంతుందో చూసి, గాజు జాడీలో నూనె తీసి, హైడ్రోమీటర్ తేల్చి, వేడిమి చూసి రిజిస్టర్‌లో రాసుకోవడం బంకువాళ్ల రోజువారీ పని. ట్యాంకర్‌తో వచ్చిన కాగితంలో రాసిన డెన్సిటీకి, దీనికి క్యూబిక్ మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు. రిజిస్టర్ చూపించమంటే కొందరు విసుక్కుంటారు, చూపించడం మాత్రం వాళ్ల బాధ్యత. చూపించకపోతే బంకులోనే బోర్డు మీద కంపెనీ సేల్స్ ఆఫీసర్ నంబరు రాసి ఉంటుంది, ఆ నంబరుకు ఫోన్ చేసి బంకు పేరు, టైము, పంపు నంబరు చెప్పండి. బిల్లు దగ్గర పెట్టుకోండి, అది లేకపోతే ఎవరూ వినరు.